సైట్‌లో సేఫ్టీ బహుమతులు ఎలా మొదలుపెట్టాలి? జరగని ప్రమాదానికి మాత్రం ఇవ్వకండి

మీరు అడిగింది క్లుప్తంగా: కోకాపేట వైపు రెండు టవర్ల అపార్ట్‌మెంట్ పని. దాదాపు 450 మంది, అందరూ సబ్ కాంట్రాక్టర్ల మనుషులే. మీరు సేఫ్టీ ఇంజినీర్‌గా చేరి నాలుగు నెలలైంది. వచ్చే నెల నుంచి సేఫ్టీ అవార్డులు మొదలుపెట్టమని ప్రాజెక్ట్ మేనేజర్ నెలకు 30,000 రూపాయలు ఇస్తానన్నారు. నెలంతా ఒక్క ప్రమాదం కూడా లేని గ్యాంగుకు నగదు, ఒక మనిషికి ‘ఈ నెల సేఫ్టీ వర్కర్’ షీల్డు ఇద్దామని మీ ఆలోచన. దీనికి ఇంకేమైనా కలపాలా అన్నారు.

కలపడం తర్వాత, ముందు అందులో మొదటిది తీసేయండి. ప్రమాదం జరగలేదని బహుమతి ఇవ్వకండి, మనిషి చేసిన పనికి ఇవ్వండి. తీసిన రెయిలింగ్‌ను తానే తిరిగి బిగించినందుకు, తృటిలో తప్పిన ప్రమాదం గురించి వచ్చి చెప్పినందుకు, ఇది సరిగ్గా లేదని పని ఆపినందుకు ఇవ్వండి. చిన్న మొత్తం చాలు, కానీ అదే రోజు, అతని గ్యాంగు ముందే ఇవ్వాలి. మేస్త్రినీ అందులో కలుపుకోవాలి. నా సమాధానం ఇంతే. ఎందుకు, ఎలా అన్నది కింద రాస్తున్నాను, కాస్త పెద్దదే.

2011లో నేనూ అచ్చం మీలాంటి పథకమే పెట్టాను. హైదరాబాద్‌లోనే, ఒక ఆఫీసు బిల్డింగు పని. గేటు దగ్గర ‘ప్రమాదం లేని రోజులు’ అని పెద్ద బోర్డు. రోజూ పొద్దున్నే అంకె మార్చేవాళ్లం. వంద రోజులు నిండితే అందరికీ ఒక్కో స్టీలు టిఫిన్ డబ్బా. 87వ రోజున వేరే పని మీద లేబర్ క్యాంపుకి వెళ్లాను. రాడ్ బెండింగ్ గ్యాంగులోని ఒడిశా కుర్రాడొకడు కాలికి తువ్వాలు చుట్టుకుని పడుకుని ఉన్నాడు. సెంట్రింగ్ చెక్కకున్న మేకు అరికాల్లో దిగి అప్పటికి నాలుగు రోజులు. పాదం ఉబ్బి నల్లబడింది, టీటీ ఇంజెక్షన్ కూడా పడలేదు. ఎందుకు చెప్పలేదురా అంటే అతను మాట్లాడలేదు, పక్కవాడు చెప్పాడు: “చెబితే అందరి డబ్బా పోతుంది సాబ్.” మేస్త్రి పసుపు రాసి, పనికి రాని రోజులకూ హాజరీ వేస్తానని ఒప్పించాడట.

ఆ కుర్రాడు పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. కాలు దక్కింది. రిపోర్టులో నేను తప్పు మేస్త్రిదని రాశాను. నిజానికి ఆ మేస్త్రి నేను పెట్టిన ఆటనే నా రూల్సు ప్రకారం ఆడాడు. ఆ పథకం పెట్టాక ప్రమాదాలు తగ్గాయో లేదో నాకిప్పటికీ తెలీదు, నా చెవిన పడటం మాత్రం తగ్గిపోయింది.

దాచడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. గాయం ఆ రోజు రిజిస్టర్‌లో ఎక్కకపోతే, అదే గాయం రేపు ముదిరి మనిషి పని చేయలేని స్థితికి వస్తే నష్టపరిహారం అడగడానికి అతని చేతిలో కాగితం ఉండదు. ఇది సైట్‌లోనే అయిందని ఎవరు చెప్పాలి? మేస్త్రి చెప్పడు. అంటే టిఫిన్ డబ్బా ఆశ చూపి అతని హక్కును మనమే లాక్కున్నట్టు.

పైగా ఈ లెక్క న్యాయమైనదీ కాదు. 22వ అంతస్తు అంచున షట్టరింగ్ (కాంక్రీటు పోయడానికి చెక్కలతో అచ్చు కట్టడం) చేసే గ్యాంగునీ, బేస్‌మెంట్ ఊడ్చే గ్యాంగునీ ఒకే కొలతతో కొలిస్తే ప్రతి నెలా ఊడ్చేవాళ్లే గెలుస్తారు. ఇక నెలంతా బెల్టు హుక్ చేయకుండా తిరిగి, అదృష్టం కొద్దీ పడని గ్యాంగుకు కూడా మీ నగదు వెళుతుంది. అప్పుడు మీరు బహుమతి ఇచ్చింది అదృష్టానికి.

ఇది చిన్న సైట్ల జబ్బు అనుకోకండి. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సముద్రంలో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. ఆ రోజు కంపెనీల పెద్దలు ఆ రిగ్గు మీదే ఉన్నారు. ఏడేళ్లుగా పనిదినం పోయేంత గాయం ఒక్కటీ లేదని సిబ్బందిని మెచ్చుకోవడం కూడా వాళ్లు వచ్చిన పనుల్లో ఒకటి. ఆ ఏడేళ్ల లెక్క తప్పు అని నేననను. జారిపడటాలు, వేళ్లు నలగడాలు లెక్కపెట్టే అంకెకు బావిలో పెరుగుతున్న ఒత్తిడి కనబడదు. మన సైట్లలో ఆ ఒత్తిడి అంటే టవర్ క్రేన్ వైర్ రోప్‌లో తెగుతున్న పోగులు, తవ్వకం అంచున నెర్రెలు, స్లాబ్ కింద గట్టి నేల లేకుండా నిలబెట్టిన ప్రాపులు (ఆనింపు స్తంభాలు). ‘ప్రమాదం లేని రోజులు’ బోర్డుకు ఇవేవీ తెలియవు.

ఇప్పుడు ఎలా చేయాలన్నదానికి వద్దాం.

దేనికి ఇస్తారో ముందే తేల్చుకోండి, పనిని బట్టి. ‘సేఫ్‌గా పని చేశాడు’ అంటే ఎవరికీ అర్థం కాదు. ఒక్కో గ్యాంగుకు రెండు మూడు పనులు, కంటితో చూసి అవును కాదు అని చెప్పగలిగేవి పెట్టుకోండి. షట్టరింగ్ వాళ్లకైతే: మెటీరియల్ తీసుకోవడానికి ఎడ్జ్ రెయిలింగ్ విప్పారు, పని కాగానే విప్పినవాడే బిగించాడా? విప్పిన చెక్కల్లో మేకులు పీకారా, వంచారా, అలాగే పడేశారా? రాడ్ వాళ్లకైతే: నిలువు రాడ్ల మీద క్యాపులు పెట్టారా? ఎలక్ట్రీషియన్ అయితే: డీబీకి (కరెంటు పంచే పెట్టెకు) తాళం వేశాడా, వైరు ముక్క నేరుగా సాకెట్లో గుచ్చినవాణ్ణి ఆపాడా? పరంజా వాళ్లకైతే: పూర్తి కాని పరంజాకు ఎర్ర ట్యాగు కట్టారా? లిఫ్ట్ షాఫ్ట్ జాలీ (లిఫ్టు కోసం వదిలిన గుంతకు అడ్డంగా కట్టే జాలీ) సంగతి అన్ని గ్యాంగులకూ వర్తిస్తుంది, ఎందుకంటే దాన్ని అందరూ తీస్తారు, ఎవరూ పెట్టరు.

ఈ జాబితా ఆఫీసులో కూర్చుని రాయకండి. మేస్త్రులను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ‘మీ పనిలో మనిషి పోయేదెక్కడ?’ అని అడగండి. నాకు రాడ్ క్యాపుల సంగతి తట్టింది, కానీ రాడ్ బండిల్ క్రేన్‌తో దింపేటప్పుడు చేత్తో పట్టుకోకుండా ట్యాగ్ లైన్ తాడు వాడటం అన్నింటికన్నా ముఖ్యమని ఒక శ్రీకాకుళం మేస్త్రి చెబితేనే తెలిసింది.

టోకెన్ పద్ధతి. నా దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది ఇదే. నంబరు వేసిన ప్లాస్టిక్ బిళ్లలు, ఒక్కోటి 50 రూపాయలు. క్యాంపులోని కిరాణా కొట్టులో, క్యాంటీన్‌లో చెల్లుతాయి. ప్రతి శనివారం కొట్టువాడికి లెక్క చూసి డబ్బు కట్టేస్తాం. నంబరు ఎందుకంటే, మొదటిసారి నంబరు లేకుండా చేయించాం. మూడో వారంలో మేమిచ్చినవాటికన్నా కొట్టులో చేరినవే ఎక్కువ. అదే షాపుకి వెళ్లి ఎవరో అలాంటి బిళ్లలే చేయించుకొచ్చారు. కోపం రాలేదు, నవ్వొచ్చింది.

బిళ్లలు మీ జేబులోనే ఉంచుకోకండి. సేఫ్టీవాళ్లు ఇస్తే అది సేఫ్టీవాళ్ల వ్యవహారంగానే మిగిలిపోతుంది. పని చేయించే సైట్ ఇంజినీర్ల చేతికి ఇవ్వండి. స్లాబ్ ఎప్పుడవుతుందని రోజంతా అరిచే మనిషే ఒక నిమిషం ఆగి, ‘షాఫ్ట్ జాలీ నువ్వు తీసి నువ్వే కట్టావు, చూశాను’ అని బిళ్ల చేతిలో పెడితే కూలీకి విషయం అర్థమవుతుంది. ఏ పనికి ఇస్తున్నారో ఆ పని పేరు చెప్పి ఇవ్వాలి. ఊరికే ‘శభాష్’ అంటే ఎందుకిచ్చారో వాడికే తెలీదు. ఇచ్చిన ప్రతిసారీ చిన్న నోటుబుక్కులో మనిషి, చోటు, పని, మూడు ముక్కలు రాయించండి. నెలాఖరుకు ఆ పుస్తకం చూస్తే ఏ ఇంజినీర్ తన మనుషులకే ఇస్తున్నాడో, ఎవరి బిళ్లలు జేబులోనే మిగిలిపోతున్నాయో బయటపడుతుంది.

నగదు వద్దు. నగదు ఇస్తే సాయంత్రానికి సగం మేస్త్రికి చేరుతుంది, మిగతా సగం ఎటు పోతుందో మీకూ తెలుసు. పెద్ద మొత్తమైతే బ్యాంకు ఖాతాలో వేయండి. ఇంకో మాట: ఏం కావాలో వాళ్లనే అడగండి. ఊరికి దూరంగా ఉన్నవాడికి హాజరీ పోకుండా రెండు రోజుల సెలవు దొరికితే షీల్డు ఎవరికి కావాలి?

ఇది నాకు నేర్పింది ఒక పాలమూరు ఆమె. 2017లో ఒక సైట్‌లో రెండు బేస్‌మెంట్ల తవ్వకం నడుస్తోంది. ఆమె క్యూరింగ్‌కు నీళ్లు కొట్టే మనిషి. పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, “గా అంచుకు నిన్న నెర్రె లేకుండె సారూ, ఇయ్యాల వచ్చింది” అంది. వెళ్లి చూస్తే అంచుకు సమాంతరంగా, ఒకటిన్నర మీటరు లోపల, వేలు దూరేంత నెర్రె. దాని పక్కనే టిప్పర్ల దారి. కింద ఫుటింగ్ పనిలో ఉన్నవాళ్లను పైకి పిలిచాం, దారి మళ్లించాం. మర్నాడు రాత్రి వాన పడి ఆ ముక్క జారింది. కింద ఎవరూ లేరు.

అందరి ముందూ స్టేజి మీద సన్మానం చేద్దామనుకున్నాం. ఆమె వద్దంది. భర్త అదే మేస్త్రి కింద పని చేస్తాడు, తవ్వకం కూడా ఆ మేస్త్రి బంధువుదే, తర్వాత మా మీద పడతారు సారూ అని భయం. ఊళ్లో బిడ్డ బడి పని ఉంది, రెండు రోజులు పోయి వస్తా, కూలి కోయకుండా చూడమంది. అలాగే చేశాం, 2,000 రూపాయలు ఆమె ఖాతాలో వేశాం. టూల్ బాక్స్ టాక్‌లో, అంటే పొద్దున పని మొదలయ్యే ముందు జరిపే చిన్న మీటింగులో, పేరు చెప్పకుండా నెర్రె సంగతి మాత్రం చెప్పాం. అప్పటి నుంచి ఎవరినైనా ముందుకు పిలిచే ముందు, పిలవనా అని ఒకసారి విడిగా అడుగుతాను.

చెప్పడం తేలిక చేయండి. నియర్ మిస్ (తృటిలో తప్పిన ప్రమాదం) ఫారం ఇంగ్లీషులో అచ్చువేసి డబ్బా పెడితే అందులో గుట్కా ప్యాకెట్లే పడతాయి. మీ మనుషుల్లో ఒడియా, హిందీ, బెంగాలీ, తెలుగు అన్నీ ఉంటాయి, చాలామందికి రాయడం రాదు. ఒక ఫోన్ నంబరు ఇచ్చి వాట్సాప్‌లో వాయిస్ పెట్టమనండి, ఫోటో పెట్టినా చాలు. ఏ భాషలో అయినా సరే.

దీన్నీ ఆడుకుంటారు, సిద్ధంగా ఉండండి. రిపోర్టుకు ఇంత అని పెట్టిన మొదటి నెల చివరి రోజున నాకు 40 చీటీలు వచ్చాయి. అందులో 31 ఒకే చేతిరాత. ‘దారిలో రాయి ఉంది’, ‘దారిలో ఇంకో రాయి ఉంది’. అప్పటి నుంచి రూలు మార్చాం: చోటు చూపించాలి, తన చేతిలో అయ్యేదైతే సరిచేసి చెప్పాలి. రాయి కనబడితే తీసెయ్, అప్పుడు బిళ్ల. ఇంకో తప్పు, సూపర్‌వైజర్లకు రోజుకు ఇన్ని రిపోర్టులు తేవాలని టార్గెట్ పెట్టడం. టీ బండి దగ్గర కూర్చుని కల్పించి రాస్తారు. నేను కూడా ఒకప్పుడు రాశాను.

చెప్పింది బాగు చేయకపోతే పథకం రెండు వారాల్లో చస్తుంది. గేటు దగ్గర రోజుల బోర్డు బదులు ‘మీరు చెప్పింది, మేం చేసింది’ అని బోర్డు పెట్టండి. ఎడమవైపు వాళ్లు చెప్పింది, కుడివైపు ఏ రోజు బాగైంది. కుడివైపు ఖాళీ పెరుగుతుంటే అది మీ ప్రాజెక్ట్ మేనేజర్‌కు రోజూ గేటులోనే కనబడుతుంది. మీటింగులో మీరు పది సార్లు చెప్పేదానికన్నా అది బాగా పని చేస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, పని ఆపినవాడిని మీరు ఎలా చూస్తారన్నది ఒక ఎత్తు. ఒక సైట్‌లో మెటీరియల్ హాయిస్ట్ ఆపరేటర్, సిమెంటు బస్తాలతో పాటు నలుగురు మనుషులు ఎక్కితే నడపనని స్విచ్ ఆపేశాడు. అది సామాను హాయిస్ట్, మనుషులు ఎక్కకూడదు, అతను చేసింది సరైన పని. సైట్ ఇంజినీర్‌కు కాంక్రీటు పోత టైము దాటుతోంది. అందరి ముందు తిట్టి, రేపటి నుంచి వీణ్ణి మార్చమని సబ్ కాంట్రాక్టర్‌కు చెప్పాడు. అప్పటికి మా పథకానికి మూడు నెలలు, బిళ్లలు బాగానే తిరుగుతున్నాయి. కానీ ఆ సాయంత్రం క్యాంపులో అందరూ మాట్లాడుకున్నది ఒక్కటే: ఆ ఆపరేటర్ రేపు ఉంటాడా?

రాత్రికి రాత్రి ప్రాజెక్ట్ మేనేజర్ ఇంటికి వెళ్లాను. ఆయన మర్నాడు పొద్దున టూల్ బాక్స్ టాక్‌కి తానే వచ్చి, ఆపరేటర్‌ను పేరు పెట్టి పిలిచి, నిన్న నువ్వు చేసిందే కరెక్టు అని చేయి కలిపాడు. సైట్ ఇంజినీర్‌ను అక్కడ ఏమీ అనలేదు, లోపలికి పిలిచి ఏమన్నాడో నాకు తెలీదు. అందరి ముందూ అతన్ని అవమానించకపోవడం కూడా మంచిదైంది, తర్వాత బిళ్లలు ఎక్కువ పంచింది ఆ ఇంజినీరే. ఆ ఒక్క వారంలో వచ్చినన్ని రిపోర్టులు ముందు రెండు నెలల్లో రాలేదు. కాబట్టి మొదలుపెట్టే ముందే మీ ప్రాజెక్ట్ మేనేజర్‌ను అడగండి: ప్రమాదమని ఎవరైనా పోత ఆపితే, ఆ గంట కూలి మీరు ఇస్తారా, ఆ మనిషి పక్కన నిలబడతారా? లేదంటే ఆ 30,000 మిగుల్చుకోండి.

మీ షీల్డు సంగతి. 450 మందిలో నెలకు ఒకడంటే మిగతావాళ్లకు దాంతో సంబంధం ఉండదు. పైగా ఆఫీసు చుట్టూ కనబడేవాడికే అది వెళుతుంది. మా దగ్గర వరుసగా రెండు నెలలు స్టోర్ హెల్పర్‌కు వచ్చింది, మంచి కుర్రాడే, కానీ అతను నేల వదిలి పైకెక్కింది లేదు. ఫోటో కోసం ఉండాల్సిందే అంటే ఉంచండి, ఎంపిక మాత్రం కూలీలూ ఉన్న కమిటీ చేతిలో పెట్టండి. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 500 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట సేఫ్టీ కమిటీ ఉండాలనేది, అందులో కార్మికుల ప్రతినిధులు కూడా. మనవాళ్లు 450 మందే కదా అని వదిలేయకండి. మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవానికి పెద్ద ఫంక్షన్ ఎలాగూ చేస్తారు. అప్పుడైనా కుర్చీలు కూలీలకు వేసి, అతిథులను కాసేపు ఎండలో నిలబెట్టండి. ఉపన్యాసాలు చప్పున అయిపోతాయి.

ఇవ్వకూడనివి: హెల్మెట్, షూస్, హార్నెస్. మంచి షూస్ బహుమతిగా ఇచ్చిన సైట్లు చూశాను. అవి మనం అందరికీ ఇవ్వాల్సినవి, గెలిచినవాడికి ఇచ్చేవి కావు. అలాగే ఫైన్లు వసూలు చేసి ఆ డబ్బుతో బహుమతులు పెట్టకండి. ఒకడి కూలి కోసి ఇంకొకడికి ఇస్తే గ్యాంగుల మధ్య తగువు తప్ప ఏమీ రాదు.

మీ 30,000కు నేనైతే ఇలా చేస్తాను. రోజుకు ఎనిమిది బిళ్లల చొప్పున 26 రోజులకు 208, అంటే 10,400. వారానికి ఒక గ్యాంగుకు, పై జాబితా బాగా పాటించినవాళ్లకు, మేస్త్రితో సహా అందరికీ బిర్యానీ, 2,500 చొప్పున నాలుగు వారాలకు 10,000. వారంలో అందరికన్నా పనికొచ్చే విషయం చెప్పినవాడికి 1,000, నెలకు 4,000. గ్యాంగు నుంచి రిపోర్టులు రానిచ్చిన మేస్త్రికో, సూపర్‌వైజర్‌కో 3,000. ఇది తప్పకుండా ఉంచండి, మేస్త్రికి లాభం లేని పథకాన్ని మేస్త్రే ముంచుతాడు. మిగిలిన 2,600 చేతిలో ఉంచుకోండి, నెర్రె చూపించిన ఆమె లాంటివాళ్ల కోసం.

మొదలుపెట్టే ముందు వారం రోజులు సైటంతా తిరిగి మన వైపు లోపాలు సరిచేయండి. బెల్టు హుక్ తగిలించే తాడు, అంటే లైఫ్‌లైన్, కట్టకుండా హుక్ చేసినవాడికి బహుమతి అంటే, హుక్ దేనికి చేయాలి సార్ అని అడుగుతారు. నన్ను అడిగారు.

చివరిగా ఒక్కటి, ఇది ముందే కాగితం మీద పెట్టి ప్రాజెక్ట్ మేనేజర్ సంతకం తీసుకోండి: మొదటి రెండు మూడు నెలలు ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్‌లో గాయాల లెక్క పెరుగుతుంది. ఇన్నాళ్లూ దాచినవి బయటికి రావడమే అది. చెప్పకపోతే ‘పథకం పెట్టాక ప్రమాదాలు ఎక్కువయ్యాయి’ అని రెండో నెలలోనే మూసేస్తారు. చిన్న దెబ్బల లెక్క పెరిగిందా అని కాదు, కట్టు కట్టించుకునేందుకు అదే రోజు వస్తున్నారా, నాలుగు రోజులకు వస్తున్నారా అన్నది చూడమనండి.

మీ షట్టరింగ్, రాడ్ సబ్ కాంట్రాక్టర్లది పీస్ రేటా (చేసిన పనిని బట్టి డబ్బు), రోజు కూలీనా చెప్పలేదు. పీస్ రేటైతే వారం బిర్యానీ ఎంపిక పద్ధతి కొంచెం మార్చాలి, ఎందుకంటే వాళ్లకు రెయిలింగ్ బిగించే పది నిమిషాలు కూడా డబ్బే. అది రాయండి, చెబుతాను.